‘కరువు పీడిత’: ఒక విశేషణం మీద విచారణ

పదో తరగతి పిల్లలకు ‘మా ఊరు’ అని వ్యాసం పెట్టడం తెలుగు అయ్యవార్లకు పాత అలవాటు. నేను ప్రొద్దుటూరులో పాఠం చెబుతాను. చుట్టుపక్కల పల్లెల నుంచీ, జమ్మలమడుగు వైపు నుంచీ, పులివెందుల వైపు నుంచీ వచ్చి చదువుకునే పిల్లలు మా బడిలో ఉన్నారు. ఏ వైపు పిల్లవాడి కాగితం తీసినా మొదటి వాక్యం ఒక్కటే: ‘మాది కరువు పీడిత ప్రాంతం.’ కె.సి. కాలువ కింద వరిమడి గట్టు మీద నడిచి బడికొచ్చేవాడూ అదే రాస్తాడు. బోరు ఎండిపోయి చీనీచెట్లు కొట్టి కట్టెలకమ్మిన ఇంటి పిల్లా అదే రాస్తుంది. ఆ వాక్యం వాళ్లు చూసి రాసింది కాదు. పత్రికలోనో, పాఠంలోనో, ఉపన్యాసంలోనో విని రాసింది.

ఒక ఏడు ఒక్క పిల్లవాడు మాత్రం వేరుగా రాశాడు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి పల్లె వాడిది. ‘మా ఊర్లో రెండేండ్లు వాన రాలేదు. మూడో ఏడు వచ్చింది. మా కాడ ఇత్తనం లేదు’ అని రాశాడు. నేను ఆ మూడు వాక్యాలూ ఎర్రసిరాతో కొట్టేసి, పైన ‘మాది కరువు పీడిత ప్రాంతం’ అని దిద్దాను. తెలుగులో ఎం.ఏ. చదివినవాడిని గదా, గ్రామ్యాన్ని గ్రంథానికి ఎక్కించాననుకున్నాను. నేను కొట్టేసింది తప్పును కాదనీ, కరువు మీద మా బడిలో అంతవరకూ ఎవరూ రాయనంత సరైన వాక్యాలననీ తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. ఈ వ్యాసం ఆ ఎర్రసిరాకు సంజాయిషీ.

ఇంతకూ ‘కరువు పీడిత’ అనే ఈ మాట ఎక్కడిది? మన తాతల నోట ఇది లేదు. ఇది ‘డ్రౌట్ ప్రోన్’ అనే ఇంగ్లీషు సమాస విశేషణానికి కచేరీలో పుట్టిన తెలుగు. 1972లో రెండో నీటిపారుదల కమిషన్ తన నివేదికలో దేశంలో ఇటువంటి ప్రాంతాలను గుర్తించింది. 1973-74లో కేంద్ర ప్రభుత్వం ‘డ్రౌట్ ప్రోన్ ఏరియాస్ ప్రోగ్రాం’ పెట్టింది. రాయలసీమ జిల్లాలు ఆ జాబితాకెక్కాయి. ప్రభుత్వ ప్రకటనల్లో, పత్రికల్లో అది ‘కరువు పీడిత ప్రాంతాల అభివృద్ధి పథకం’ అయింది. 2009-10లో ఆ పథకం మరి రెంటితో కలిసి సమగ్ర వాటర్‌షెడ్ పథకంలో లీనమై పోయింది. పథకం పోయినా విశేషణం పోలేదు. అది పిల్లల వ్యాసాల్లోకి, మన కథల్లోకి, చివరకు మన ఆలోచనలోకి వచ్చి కూర్చుంది.

ముందు ఇంగ్లీషు మాటకు న్యాయం చేద్దాం. ‘ప్రోన్’ అనేదానికి లాటిన్ మూలంలో ముందుకు వంగిన, ఒరిగిన అని అర్థం. బోర్లా పడుకున్నవాణ్ణి కూడా ఇంగ్లీషులో ఆ మాటతోనే చెబుతారు. నామవాచకం పక్కన చేరినప్పుడు అది ఒక మొగ్గును, ఒక అవకాశాన్ని చెబుతుంది. ‘యాక్సిడెంట్ ప్రోన్’ మలుపు అంటే తరచు ప్రమాదాలు జరిగే మలుపని అర్థం. అక్కడ పోయే ప్రతి బండీ బోల్తా పడుతుందని కాదు. పైగా వాతావరణ శాస్త్రజ్ఞులు ‘డ్రౌట్ ప్రోన్’కు ఒక కొలత కూడా పెట్టారు. వాన సాధారణం కంటే నాలుగోవంతుకు మించి తగ్గే ఏళ్లు నూటికి ఇరవైకి పైగా ఉంటే అది ‘ప్రోన్’. నలభైకి పైగా ఉంటే అది దీర్ఘకాలికంగా అనావృష్టికి లోనయ్యే చోటు. అంటే అయిదేళ్లలో ఒక ఏడు అన్నమాట, మరీ గడ్డు నేలలో రెండేళ్లు. కాబట్టి ఆ ఇంగ్లీషు విశేషణంలో కాలం ఉంది, లెక్క ఉంది. ఒక ఏడు ఎండితే తక్కిన నాలుగేళ్లు ఏం చేశారయ్యా అని అడగడానికి చోటుంది.

మన తెలుగులో ఆ చోటు మూసుకుపోయింది. ‘పీడిత’ సంస్కృత క్తప్రత్యయాంతం. అయిపోయిన పనిని చెప్పే రూపం. ‘కరువు పీడిత’ అంటే కరువుచేత పీడింపబడినది, తృతీయా తత్పురుష. దేశ్యపదానికి తత్సమం తగిలించిన వైరి సమాసమని వ్యాకరణజ్ఞులు ముఖం చిట్లిస్తారు. నా ఫిర్యాదు అది కాదు. అయిదేళ్లలో ఒక ఏడు జరగవచ్చునన్న సంగతిని, ఎప్పుడూ జరిగిపోయి ఉన్న సంగతిగా ఈ అనువాదం మార్చింది. అవకాశాన్ని స్వభావం చేసింది. పైగా పత్రికలవారికి ఈ ‘పీడిత’ ఎంత అనువైన మాటంటే, ఇంగ్లీషులో ‘ప్రోన్’ అన్నా, ‘అఫెక్టెడ్’ అన్నా, ‘స్ట్రికెన్’ అన్నా, ‘రిడెన్’ అన్నా తెలుగులో అన్నిటికీ ఇదొక్కటే. ‘ఫ్యాక్షన్ రిడెన్’ అనే ఇంగ్లీషు మాటకు ‘ఫ్యాక్షన్ పీడిత’ అని రాసి, పులివెందుల, జమ్మలమడుగు పేర్ల ముందు దాన్నీ అతికించారు. చేసేవాళ్లు, చేయించేవాళ్లు, దానివల్ల బాగుపడేవాళ్లు ఉన్న వ్యవహారం కూడా నేలకు పట్టిన తెగులులా ధ్వనిస్తుంది.

ఇది మాటల పట్టింపు మాత్రమేనా? నా వ్యాసంలో మొదట చెప్పిన పిల్లవాడి తండ్రే ఒకసారి బడికొచ్చి నన్నడిగాడు. ‘సార్, మాది కరువు పీడిత మండలమే అని పేపర్లో ఎన్నితూర్లో ఏసినారు. ఈ ఏడు కరువు మండలాల లిస్టులో మా పేరు లేదంట. రెంట్లో యాది నిజం సార్?’ రెండూ నిజమే. ఒకటి ‘ప్రోన్’ జాబితా. వాతావరణపు లెక్క ప్రకారం ఏళ్ల తరబడి ఉండేది. రెండోది ‘అఫెక్టెడ్’ జాబితా. ఆ ఏటి వాననూ, పైరునూ చూసి రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించేది. పంట పెట్టుబడి సాయం, అప్పు గడువు పెంపు మొదలైనవి ముడిపడేది రెండోదానికి. ఇంగ్లీషులో అవి రెండు మాటలు గనుక ఇంగ్లీషు తెలిసిన గుమాస్తాకు తేడా తెలుసు. తెలుగులో రెంటికీ ‘కరువు’, రెంటికీ ‘పీడిత’. అనుభవించే రైతుకు మాత్రం తేడా తెలియదు. ఆయన భాషలోకి రాని తేడా వల్ల ఆయన నష్టపోతాడు. అనువాదం రైతు ఇంటి గడప తొక్కే సంగతే అవుతుంది, పండితుల వినోదం కాదు.

రెండో తిరకాసు ‘కరువు’ అనే మాటలోనే ఉంది. వాన రాకపోతే అనావృష్టి. తిండి దొరక్కపోతే క్షామం. మన వాడుకలో ‘కరువు’ రెంటినీ చెబుతుంది. అనావృష్టికి కారణం మోడం కావచ్చు. అనావృష్టి నుంచి క్షామానికి పోయే దారిలో మాత్రం మనుషులున్నారు. విత్తనం అమ్మేవాడున్నాడు, వడ్డీకిచ్చేవాడున్నాడు, ధర కట్టేవాడున్నాడు, నీళ్లు పంచేవాడున్నాడు, కొలువులో కూర్చుని కాగితం కదపనివాడున్నాడు. అమర్త్యసేన్ 1981లో ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ అనే గ్రంథంలో, 1943 నాటి బెంగాల్ కరువు మొదలైనవాటిని పరిశీలించి, ఆకలిచావులకు కారణం తిండి లేకపోవడమే కానక్కరలేదని, ఉన్న తిండి కొందరికి అందకపోవడమని వాదించాడు. ఆ మాట మన వ్యాకరణంలో ముందే ఉంది. తెలుగులో కరువుకు ‘కు’ విభక్తి కావాలి. ‘తిండి కరువు’ అంటే చాలదు. ‘వాళ్లకు తిండి కరువు’ అనాలి. ఎవరికి అన్న ప్రశ్న లేకుండా తెలుగువాడు కరువు మాటెత్తలేడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకూ, ఆ అంగట్లో పెండ్లాం కమ్మలు కుదువబెట్టే బక్కరైతుకూ ఏడు ఒక్కటే. కరువు మాత్రం ఒక్కరికే. ‘కరువు పీడిత ప్రాంతం’ అన్నప్పుడు ఆ ‘ఎవరికి’ మాయమై అంగడీ రైతూ ఒకే ప్రాంతంగా కలిసిపోతారు. పీడితులంటే పీడకులెవరని అడగడం మనకు అలవాటు. ఇక్కడ పీడకుడి కుర్చీలో ముందుగానే కరువును కూర్చోబెట్టారు గనుక ఇక అడిగేదేమీ ఉండదు.

ఈ విశేషణం కప్పేసిన మూడు తావులను విడివిడిగా చూద్దాం. ప్రొద్దుటూరు వైపు కె.సి. కాలువ ఆయకట్టుంది. పందొమ్మిదో శతాబ్దిలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించగా 1882లో ప్రభుత్వం కొన్న కాలువ అది. దానికి నీళ్లు తుంగభద్ర నుంచి రావాలి. కాబట్టి ఇక్కడి మడి ఎండేది ఇక్కడి వాన తప్పినందుకు కాదు. పైన నది పారనందుకు, పారినా పంపకంలో చివరి భూములకు చేరనందుకు. జమ్మలమడుగు వైపు నల్లరేగళ్లలో పప్పుశనగ చల్లేది వానాకాలం చివరి పదును మీద. ఆ ఒక్క పదును తప్పితే ఏడంతా తప్పినట్టే. పదునొచ్చిన నాడు చేతిలో విత్తనం లేకపోయినా అంతే. పులివెందుల వైపు ఎర్రనేలల్లో శనక్కాయ వాన మీద బతికేది; చీనీ, అరటి బోరు మీద బతుకుతాయి. అక్కడ కరువు ఆకాశంలో కంటే ముందు పాతాళంలో కనబడుతుంది. ఒక బోరు ఎండి, దాని పక్కన ఇంకా లోతుకు మరొకటి దించి, దానికోసం చేసిన అప్పులో కనబడుతుంది. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు నీళ్లొచ్చిన ఏడు ఒక లెక్క, రాని ఏడు ఒక లెక్క. మూడు చోట్లా మూడు రకాల కరువులు, మూడు రకాల కారణాలు, మూడు రకాల బాధ్యులు. విశేషణం ఒక్కటే.

ఈ విశేషణం ఎంత మొండిదో జమ్మలమడుగు వైపే చూశాం. కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు 2020లో గండికోట జలాశయం నీళ్లలో మునిగాయి. నిన్నటిదాకా కరువు పీడితులైనవాళ్లు తెల్లారేసరికి ముంపు బాధితులయ్యారు. పీడిత పోయి బాధిత వచ్చింది. రెండూ క్తప్రత్యయాంతాలే. రెంటిలోనూ కర్త లేడు. నీళ్లు లేనందుకు ఒక విశేషణం, నీళ్లొచ్చినందుకు ఒక విశేషణం మోసినవాళ్లు ఒక్కరే.

మన పెద్దలు కరువును ఎలా పిలిచారు? ఏడుతో పిలిచారు. 1832-33 నాటిది నందన కరువు. 1876లో మొదలై మద్రాసు రాజధానినంతా ఊడ్చింది ధాత కరువు. నందన, ధాత అనేవి సంవత్సరాల పేర్లు. ‘కరువొచ్చింది’, ‘కరువు పడింది’, ‘కరువు తీరింది’ అన్నారు. వచ్చేది, పడేది, తీరేది అన్నారంటే దానికొక మొదలూ తుదీ ఉన్నాయని అర్థం. ఏడు పేరు పెడితే ఆ ఏడు ఏం జరిగిందన్న జ్ఞాపకం మిగులుతుంది. గంజి ఎవరు పోశారు, గాదె తాళం ఎవరు వేశారు, ధాన్యం ఏ రేవుకు పోయింది అన్న కథలు మిగులుతాయి. ఊరి పేరుకు అంటగడితే కథ ఉండదు, కర్మ ఉంటుంది. జనం కరువును కాలంలో పెట్టారు. కచేరీ దాన్ని నేలలో పాతింది. నా వాదమంతా ఇంతే.

పాలకులకు ఈ మాటల పట్టింపు కొత్తదికాదు. మన కడపలో ఉద్యోగం మొదలుపెట్టి తెలుగు నేర్చి నిఘంటువులు కూర్చిన సి.పి. బ్రౌన్, 1832-33లో గుంటూరు సీమలో పనిచేస్తూ, అధికారులు కొరత, లోటు అనే మెత్తని మాటలు వాడే చోట ‘కరువు’ అనే మాటే రాశాడని చెబుతారు. నూట ఎనభై ఏళ్లు దాటాక, 2016లో, మన భారత వాతావరణ శాఖ తన వాడుకలోంచి ‘డ్రౌట్’ అనే మాటను తీసేసి ‘డెఫిషియెంట్’, అంటే లోటు సంవత్సరం అనడం మొదలుపెట్టింది. ఏటి మీద నిలవవలసిన మాటను ఏటి నుంచి తీసేశారు. ఊరి మీద నిలవకూడని మాట ఊరి మీదనే ఉంది.

సీమకు ఇటువంటి విశేషణం ఇదే మొదటిదికాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంపిణీకి ధారాదత్తం చేస్తే, ఇవి ‘సీడెడ్’ జిల్లాలయ్యాయి, తెలుగులో దత్తమండలాలయ్యాయి. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ పోయినా విశేషణం నూట పాతికేళ్లు పైగా నడిచింది. 1928లో నంద్యాల మహాసభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అనే పేరు ప్రతిపాదించగా ఆ సభ ఒప్పుకుంది. ఒకరు మరొకరికి ఇచ్చేసిన వస్తువు పేరుతో మనల్ని పిలవవద్దని ఆ నాటి పెద్దలు అనగలిగారు. సినిమా పంపిణీదారులు ఇప్పటికీ ‘సీడెడ్’ అంటారన్నది వేరే సంగతి.

ఇక మన సాహిత్యం. కచేరీ విశేషణాన్ని కథకులు ప్రశ్నించారా, దాని కింద సంతకం పెట్టారా? సీమ కథ అనగానే మనకు వచ్చిపడే ఒక మూసను గుర్తు చేసుకోండి. పగుళ్లు బారిన నేల, డొక్కలెండిన ఎద్దు, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మోడం కోసం చూసే ముసలి రైతు, చివర ఒక చావు. కన్నీళ్లొస్తాయి, కాదనను. కానీ ఆ కథలో దుర్మార్గుడు ఆకాశం ఒక్కటే. ఏ ఏడో చెప్పరు, విత్తనం ధర చెప్పరు, వడ్డీ చెప్పరు, బోరు లోతు చెప్పరు. ‘కరువు పీడిత’ అనే రెండు మాటలను ఎనిమిది పేజీలకు సాగదీసిన కథ అది.

మనకు దీన్ని మించిన రచనలు లేకపోలేదు. పేర్లు చూసినా చాలు. విద్వాన్ విశ్వం తన కావ్యానికి ‘పెన్నేటి పాట’ అని పెట్టాడు. సీమ దుఃఖాన్ని రంగన్న, గంగమ్మ అనే పేర్లున్న మనుషుల్లో పెట్టాడు. కేతు విశ్వనాథరెడ్డి ఒక కథకు ‘నమ్ముకున్న నేల’ అని పేరు పెట్టాడు. ఇదీ విశేషణమే, కానీ తెలుగు ధాతువు నుంచి పుట్టిన విశేషణం. ‘కరువు పీడిత నేల’ అంటే నేలా కరువూ తప్ప మూడోవాడు లేడు. ‘నమ్ముకున్న నేల’ అనగానే నమ్ముకున్నదెవరని అడగక తప్పదు. మనిషి వచ్చి నిలబడతాడు. సింగమనేని నారాయణ మెట్టసేద్యం కథకు ‘జూదం’ అన్నాడు. జూదమంటే ఆడేవాడున్నట్టు, పందెం ఉన్నట్టు, ఓడినవాడి సొమ్ము ఎవరి చేతికో పోయినట్టు. మన జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ పేరు అసలు కరువు మాటే ఎత్తదు. వాన లేని కాలంలో గొర్రెల్ని మేపుకు నల్లమల ఎక్కించడానికి కాపర్లు పెట్టుకున్న మాట అది. కరువులో జనం పడి ఉండరు, ఏదో ఒకటి చేస్తారు. ఆ చేసేదానికి వాళ్ల భాషలో పేరుంటుంది. కచేరీ నిఘంటువులో ఆ పేరు ఉండదు. రచయిత పని అక్కడ మొదలవుతుంది.

ఒక ఆక్షేపణ రావచ్చు. ఇది నా మిత్రులే చేశారు. ‘ఆ విశేషణం వల్లనే గదా నాలుగు చెక్‌డ్యాములైనా వచ్చాయి, దాన్ని వదులుకుంటే సీమ తన వాదన వదులుకున్నట్టే గదా?’ అంటారు. ఇది తేలిగ్గా తోసెయ్యదగిన మాటకాదు. అయితే 1937 శ్రీబాగ్ ఒడంబడికలో సీమ పెద్దలు కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో ముందు హక్కు అడిగారు. అది జాలి అడగడం కాదు, వాటా అడగడం. వాటా అడిగేవాడు టి.ఎం.సీ.ల లెక్క చెబుతాడు, ఏళ్ల లెక్క చెబుతాడు. పీడితుడినని చెప్పుకుని అడిగితే వచ్చేది సాయం; లెక్క చెప్పి అడిగితే రావలసింది బాకీ. మనకు రావలసింది బాకీ అయినప్పుడు సాయం భాష మాట్లాడడం ఎందుకు?

కాబట్టి రాసేవాళ్లకు, ముఖ్యంగా పత్రికలవారికి, తోటి తెలుగు అయ్యవార్లకు నేను చెప్పదలచింది ఇది. ‘ప్రోన్’ అని చెప్పవలసి వస్తే ‘కరువు బెడద ఉన్న’ అందాం, ఎన్నేళ్లకొకసారో పక్కనే చెబుదాం. ‘అఫెక్టెడ్’ అని చెప్పవలసి వస్తే ‘ఈ ఏడు కరువు పడిన’ అందాం. వాన లేకపోతే వాన లేదనీ, కాలువ రాకపోతే కాలువ రాలేదనీ, విత్తనం దొరక్కపోతే విత్తనం దొరకలేదనీ రాద్దాం. ఇవి పెద్ద మార్పులు కావు. వీటివల్ల ఒక్క చినుకూ రాలదు. కానీ ఎవరు జవాబు చెప్పాలో తేలుతుంది.

ఈమధ్య ‘మా ఊరు’ వ్యాసం మళ్లీ పెట్టాను. ‘కరువు పీడిత’ అనే మాట వాడకుండా రాయండి అన్నాను. పిల్లలు చాలాసేపు కలాలు నోట్లో పెట్టుకుని కూర్చున్నారు. తర్వాత రాశారు. బోర్ల లోతులు రాశారు, తాకట్టులోని కమ్మల గురించి రాశారు, బెంగళూరు పోయిన అన్నల గురించి రాశారు. అచ్చుతప్పులు బోలెడున్నాయి. ఈసారి దిద్దడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. దిద్దింది అక్షరాలను మాత్రమే.